లెక్క మేస్త్రీ దగ్గరే ఉంటే

పాలమూరు నుంచి ముంబయికి బస్సులో రాత్రంతా ప్రయాణం. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి విమానంలో నాలుగు గంటలు. నారాయణపేట, మక్తల్, కోస్గి, దేవరకొండ, చండూరు వైపు యువకులకు ఇవాళ గల్ఫ్ పరాయి దేశంలా అనిపించదు, పొరుగూరిలా అనిపిస్తుంది. గల్ఫ్ వలస అంటే కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల సంగతే అని చాలాకాలం అనుకున్నాం. పాలమూరు కూలీలు దేశమంతా ప్రాజెక్టులు కట్టారు. నల్లగొండ చేనేత కుటుంబాలు భివండి, సూరత్ మగ్గాల దగ్గరికి వెళ్లాయి. ఇప్పుడు వారి పిల్లలు పాస్‌పోర్టు తీసుకుంటున్నారు. ఇందులో తప్పేమీ లేదు. పోతున్నది ఎంత లెక్కతో అన్నదే మా ప్రశ్న.

పాత వలసలో లెక్కంతా కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర ఉండేది. అడ్వాన్స్ ఎంత ఇచ్చాడు, ఎన్ని రోజులు పని చేశారు, తిండికి ఎంత పట్టుకున్నాడు, ఇంకా ఎంత బాకీ ఉంది అన్నీ అతని నోటుబుక్కులోనే రాసి ఉండేవి. కూలీకి తెలిసింది ఒక్కటే, బాకీ ఇంకా తీరలేదని. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం దీనికి ఒక మంచి మందు చెప్పింది. ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలి, కూలి రేటు, ఇచ్చిన అడ్వాన్సు అందులో రాయాలి అంది. పాలమూరు లేబర్ బస్తీల్లో అలాంటి పాస్‌బుక్ చూసినవారు ఎందరున్నారో వేరే చెప్పక్కర్లేదు.

గల్ఫ్‌కు పోయేవాడికి మేస్త్రీ ఉండడు. ఆ స్థానంలోకి ఏజెంటు, ఊళ్లో అప్పిచ్చిన ఆసామి, అక్కడి కంపెనీ అకౌంటెంటు వస్తారు. నోటుబుక్కు మాత్రం ఇప్పటికీ పనివాడి చేతికి రాలేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. వీసాకు, టికెట్‌కు లక్షన్నర అప్పు చేశాడనుకుందాం. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే మన ఊళ్లలో పెద్ద వింతేమీ కాదు. కానీ అది ఏడాదికి 36 శాతం. నెలకు 4,500 రూపాయలు మిత్తికే పోతాయి. అక్కడ జీతం వెయ్యి దిర్హమ్‌లు, దిర్హమ్ 23 రూపాయలు అనుకుంటే 23 వేలు. తిండికి, ఫోన్‌కు 300 దిర్హమ్‌లు తీసేస్తే మిగిలేది 16,100. ఇంటికి ఒక్క రూపాయి పంపకుండా మొత్తం అప్పుకే కట్టినా, తీరడానికి పదకొండు నెలల పైనే పడుతుంది. అదే ఇంటి ఖర్చులకు నెలకు పది వేలు పంపి, మిగిలింది అప్పుకు కడితే రెండేళ్ల కాంట్రాక్టు అయిపోయినా అసలులో దాదాపు 95 వేలు ఇంకా అలాగే ఉంటుంది. ‘రెండేళ్లుండి వచ్చిండు, ఏం సంపాదించిండు’ అని రచ్చబండ దగ్గర అడిగేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేయాలి.

ఆ అప్పులో ఎక్కువ భాగం అసలు చేయాల్సిందే కాదు. రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోదగిన సేవా రుసుము మన నిబంధనల ప్రకారం 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించకూడదు. యూఏఈ 2021లో తెచ్చిన కార్మిక చట్టమైతే ఇంకా స్పష్టం, నియామక ఖర్చులు యజమానే భరించాలి, పనివాడి నుంచి వసూలు చేయకూడదు. చట్టాలు ఇలా ఉండగా ఏజెంటు చేతికి లక్షలు ఎలా పోతున్నాయి? రసీదు అడగరు కాబట్టి. అడిగితే వీసా ఇంకొకరికి పోతుందన్న భయం కాబట్టి. ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తా అనే ఏజెంటు మాట నమ్మితే, ఒప్పందం ఉండదు, ఇక్కడి ఎమిగ్రేషన్ రికార్డుల్లో పేరూ ఉండదు. పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. దానితోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన వస్తుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షలు. విజిట్ వీసా మీద వెళ్లినవాడి ఇంటికి అది రాదు. ఇది ప్రమాద బీమా అని కూడా గుర్తుంచుకోవాలి. ఎండలో పని చేసి, రాత్రి గదిలో గుండె ఆగిపోతే ఆ పది లక్షలు రావు. వేరే జీవిత బీమా ఇక్కడే తీసుకుని పోవడం మంచిది.

జీతం కాగితం కూడా ఎవరూ సరిగా చూడరు. మొత్తం ఎంత అని అడుగుతారు, బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల జీతం ఎంత అని అడగరు. యూఏఈలో పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్క కడతారు. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత 30 రోజులు. వెయ్యి దిర్హమ్‌ల జీతంలో బేసిక్ 600 అని రాస్తే ఐదేళ్లకు వచ్చేది 2,100 దిర్హమ్‌లు. మొత్తం వెయ్యీ బేసిక్ అయితే 3,500. సంతకం పెట్టే ముందు ఒక్క గడి చూసుకుంటే చాలు, అంత తేడా. అక్కడ 2009 నుంచి జీతాలు బ్యాంకుల ద్వారా, ప్రభుత్వం చూసేలా ఇచ్చే పద్ధతి ఉంది. జీతం ఆగితే ఫిర్యాదుకు ఆ రికార్డే సాక్ష్యం. జీతం కార్డును క్యాంపు సూపర్‌వైజర్‌కు అప్పజెప్పేవారు సాక్ష్యాన్ని కూడా అతని చేతిలోనే పెడుతున్నారు.

ఇక డబ్బు పంపడం. బ్యాంకుతో పని లేకుండా చేతుల మీదుగా డబ్బు చేరవేసే హుండీవాడు ఎక్కువ రేటు ఇస్తాడు, ఫీజు అడగడు, ఇంటికే తెచ్చి ఇస్తాడు. నిజమే. కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపడానికి కాగితం ఉండదు. రేపు బ్యాంకు లోన్‌కు పోయినా, ఇల్లు కొన్నా, ఐటీ నోటీసు వచ్చినా చూపడానికి ఏమీ ఉండదు. పైగా అది చట్టవిరుద్ధం. ఎక్స్ఛేంజీల్లో ఫీజు ఒక్కటే చూడొద్దు, చేతికి ఎన్ని రూపాయలు వస్తాయో చూడాలి. ఫీజు లేదని చెప్పి రేటులో కోసేవాళ్లు ఉంటారు. దిర్హమ్‌ను డాలర్‌కు 3.6725 చొప్పున, సౌదీ రియాల్‌ను 3.75 చొప్పున కట్టేసి ఉంచారు. కాబట్టి రూపాయి డాలర్‌తో పడినప్పుడల్లా గల్ఫ్ జీతం ఇక్కడ పెరిగినట్టు కనిపిస్తుంది. రేటు ఇంకా పెరుగుతుందని నెలల తరబడి డబ్బు అక్కడే ఆపుకునేవారు ఇక్కడ మూడు రూపాయల మిత్తి నడుస్తోందని మరిచిపోతారు. రేటు నెలకు మూడు శాతం ఎప్పుడో అరుదుగా పెరుగుతుంది. మిత్తి మాత్రం ప్రతి నెలా పెరుగుతుంది.

చాలామంది పాత సేవింగ్స్ ఖాతాలోకే పంపుతారు. ఉద్యోగానికి దేశం దాటినవాడు విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా దృష్టిలో ఎన్నారై. ఆ ఖాతాను ఎన్నారైలు ఇక్కడి ఆదాయానికి వాడే ఎన్‌ఆర్‌వో ఖాతాగా మార్పించుకోవాలి, విదేశీ సంపాదన కోసం ఎన్‌ఆర్‌ఈ ఖాతా వేరుగా తెరవాలి. ఎన్‌ఆర్‌ఈలో వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. ఎన్‌ఆర్‌వోలో వడ్డీ మీద బ్యాంకు ముందే 30 శాతానికి పైగా పట్టుకుంటుంది. యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ నంబర్లతోనే ఈ ఖాతాలకు యూపీఐ పెట్టుకునే వీలు 2023లో వచ్చింది. ఇక్కడి సిమ్ ఆగిపోయి ఓటీపీ రాక తల పట్టుకునే టెన్షన్ దానితో కొంత తగ్గుతుంది.

ఈ జిల్లాల్లో అందరికీ అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి భూమి. గల్ఫ్ పైసలు ముందు అప్పుకు, తర్వాత ఇంటికి, ఆ తర్వాత భూమికి పోతాయి. ఎన్నారైగా ఉన్నంతకాలం వ్యవసాయ భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా రావొచ్చు, కొనకూడదు. ప్లాట్లు, ఇళ్లు కొనొచ్చు. ఇది తెలియక తన పేరు మీద ఎకరం రాయించుకున్నవాడు రేపు చిక్కుల్లో పడతాడు. ఊళ్లో ఉన్న భార్య పేరు మీద కొంటే ఆ అభ్యంతరం లేదు. కష్టం ఇద్దరిదీ అయినప్పుడు పట్టా ఆమె పేరు మీద ఉండటం న్యాయం కూడా. అన్నదమ్ముల పేరు మీదో, బామ్మర్ది పేరు మీదో కొని తిరిగొచ్చాక పంచాయితీలకు ఎక్కినవారు ప్రతి మండలంలో కనిపిస్తారు. ఇక షాద్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి దారుల్లో ప్రీ లాంచ్ ప్లాట్లను వాట్సాప్ వీడియోల్లో చూపి అమ్మేవారికి గల్ఫ్ కార్మికుడే సులువైన బేరం. వచ్చి చూసుకోలేడు కదా. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే రెరా నంబర్ లేకుండా పైసా కట్టొద్దని ఇంట్లోవారే గట్టిగా చెప్పాలి.

ప్రభుత్వం ఏం చేస్తోంది? గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల సాయం ఇవ్వాలని 2024లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన నిర్ణయం అది, దాన్ని మేం స్వాగతించాం. కానీ మనిషి శవపేటికలో తిరిగొచ్చాక మొదలయ్యే విధానం అది. పోయేముందు చేయాల్సింది చాలా ఉంది. రిజర్వ్ బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో విదేశాల నుంచి దేశానికి వచ్చిన డబ్బులో తెలంగాణ వాటా 8.1 శాతం, రాష్ట్రాల్లో నాలుగో స్థానం. రెండో స్థానంలో ఉన్న కేరళ ప్రవాసుల సంక్షేమ బోర్డు పెట్టింది. చందా కట్టిన సభ్యుడికి అరవై దాటాక పింఛను ఇస్తుంది. అక్కడి ప్రభుత్వ చిట్‌ఫండ్ సంస్థ 2018లో ప్రవాసుల కోసమే ఆన్‌లైన్ చిట్టీ మొదలుపెట్టింది. మన దగ్గర ప్రైవేటు చిట్టీల్లో గల్ఫ్ పైసలు మునగడమే చూస్తున్నాం.

మహబూబ్‌నగర్, నల్లగొండ పోస్టాఫీసుల్లో పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలు ఉన్నాయి. పాస్‌పోర్టుకు వచ్చిన ప్రతి యువకుడికి అక్కడే విదేశీ ఉద్యోగాలు చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మనిషి ఒకరు కూర్చుని ఏజెంటు రిజిస్టర్ అయ్యాడో లేదో కేంద్రం వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో చూసి చెప్పవచ్చు. వెళ్లేముందు ఒక్క రోజు ఇచ్చే శిక్షణ కూడా హైదరాబాద్ దాటి ఇక్కడికి రావాలి, అందులో సగం పూట డబ్బు లెక్కకే కేటాయించాలి, ఆ పూట భార్యనో తల్లినో కూడా కూర్చోబెట్టాలి. ఎందుకంటే ఈ జిల్లాల్లో ప్రతి ఊళ్లో మహిళా సంఘం ఉంది. పొదుపు పుస్తకం, తీర్మానాల పుస్తకం రాయడం, నెల నెలా కిస్తీ కట్టడం వారికి కొత్త కాదు. వలస పోయినవాడి లెక్క రాయడానికి అంతకంటే మంచి చేయి ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆ సంఘాల ద్వారానే, వాటికి అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి నుంచి విదేశీ ఉద్యోగానికి ప్రత్యేక రుణం ఇవ్వాలని మేం కోరుతున్నాం. రుణం ఏజెంటు సేవా రుసుమును మించొద్దు, డబ్బు నేరుగా రిజిస్టర్డ్ ఏజెంటు బ్యాంకు ఖాతాలోకే పోవాలి, రసీదు, ఒప్పందం నకలు సంఘం ఫైల్లో ఉండాలి. రసీదు ఇవ్వని ఏజెంటుకు ఆ రుణం అందదు. ఏజెంటు నిజంగా రిజిస్టర్ అయినవాడో కాదో అక్కడే తేలిపోతుంది. వచ్చే ఆర్థిక సంవత్సరంలో నారాయణపేట జిల్లాలోనూ దేవరకొండ డివిజన్‌లోనూ దీన్ని ముందుగా మొదలుపెట్టి చూడమని జిల్లా కలెక్టర్లను, గ్రామీణాభివృద్ధి శాఖను అడుగుతున్నాం.