సైదాపురం దిబ్బల్లో కలకత్తా లెక్క

గూడూరు నుంచి సైదాపురం వెళ్తుంటే, ఎండ ఏటవాలుగా పడే వేళ రోడ్డు పక్క మట్టి మిలమిలలాడుతుంది. అభ్రకం (మైకా) తునకలు. పుస్తకంలో నెమలీక పక్కన ఓ ముక్క దాచుకోని పిల్లలు ఆ చుట్టుపక్కల తక్కువ. గోటితో గీరితే పొర మీద పొర ఊడి వస్తుంది. వెలుగుకు ఎదురుగా పెడితే లేత ఆకుపచ్చ. సంతలో నెల్లూరు సరుకుకు గుర్తు ఆ రంగే.

భారతదేశపు అభ్రకం నిక్షేపాల మీద పెద్ద నివేదిక 1902లో వచ్చింది. దేశంలోని రాళ్లనూ ఖనిజాలనూ పరిశీలించే సర్కారు సంస్థ జియలాజికల్ సర్వే తరఫున రాసినవారు థామస్ హాలండ్. మరుసటి ఏడే ఆయన ఆ సంస్థ డైరెక్టరయ్యారు. ఆయన కంటే పదేళ్లు ముందు, 1880లోనే సర్వీసులో చేరిన ప్రమథనాథ్ బోస్‌ను పక్కన పెట్టి మరీ ఆ కుర్చీ ఇచ్చారు. బోస్ ఉద్యోగం వదిలేసి మయూర్‌భంజ్ సంస్థానానికి వెళ్లి, అక్కడి ఇనుప ఖనిజం సంగతి టాటాలకు రాశారు. ఆ తరువాతి కథ జంషెడ్‌పూర్. అసలు బోస్‌ను చేర్చుకోవడానికే అప్పటి అధిపతి మెడ్లికాట్ ససేమిరా అన్నారు. సొంతంగా పరిశోధించడం భారతీయుల వల్ల కాదని ఆయన నమ్మకం!

హాలండ్ గట్టి శాస్త్రవేత్త, కాదనలేం. నా తగవు మనిషితో కాదు, పని పంపకంతో. 1851లో కలకత్తాలో మొదలైన ఆ సంస్థకు సర్కారు అప్పగించిన తొలి పని బొగ్గు వెతకడం. ఏ రాయిని ఎప్పుడు చదవాలో ఖజానా అవసరం చెప్పేది. విద్యుత్ యంత్రాలు వచ్చాక, కరెంటును ఆపే గుణం వల్ల అభ్రకానికీ ఆ యోగం పట్టింది. పొరను ఎక్కడ పట్టి చీలిస్తే పగలదో గనిలో చేతులకు తెలుసు. ఆ తెలివిని కూలి అన్నారు, విద్య అనలేదు.

స్వాతంత్ర్యం తరువాత కుర్చీలు మనవయ్యాయి, పంపకం మాత్రం అదే. జిల్లా గనుల ఆఫీసుకు లీజులు, పర్మిట్లు, సీనరేజీ (తవ్విన ఖనిజంపై సర్కారుకు కట్టే రుసుము)తోనే సరిపోతుంది. రాయిని చదవడం ఎక్కడో పైవాళ్ల పని. చీమకుర్తి గ్రానైటు చాలావరకు ముడి దిమ్మలుగానే ఓడెక్కుతుంది. ఇటు, ఒకప్పుడు అభ్రకం కోసం తవ్వి పనికిరాదని దిబ్బలుగా పోసిన తెల్లరాయికి (క్వార్ట్జ్) ఇప్పుడు గిరాకీ పుట్టింది. దానితోపాటే అక్రమ తవ్వకాల గొడవలూ పుట్టాయి.

ఆ దిబ్బ దగ్గర రాళ్లు ఏరే ఆమెను అడిగితే ఏది మొదటి రకమో చూడగానే చెబుతుంది. ఆమెకు ఇచ్చేది రోజు కూలి.