జున్ను మనకి, దూడ అప్పన్నకి

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు గొప్ప జంతుప్రేమికులు. ఇది నేనంటున్న మాట కాదు, ఆయన వాట్సాప్ డీపీ అంటోంది. అందులో ఆయన ఒక ఆవు మెడ మీద చెయ్యేసి నవ్వుతుంటారు, ఆవు పక్కకి చూస్తుంటుంది. తెల్లారి అయిదున్నరకల్లా గ్రూపులో గోమాత బొమ్మ, దాని కింద శ్లోకం, ఆ కింద రాత్రి నీళ్ల మోటారు ఎవరు కట్టేయలేదని నిలదీత. ఏడేళ్లుగా ఈ వరస తప్పలేదు.

మొన్న ఒకే వారంలో ఆయన దగ్గర్నుంచి నాకు రెండు వచ్చాయి. సోమవారం స్టీలు గిన్నెలో జున్ను. శనివారం ఫోను. "రేపు సింహాచలం వెళ్తున్నామండీ, ఆ మధ్య మనవడికి జ్వరం ఎంతకీ తగ్గకపోతే మా ఆవిడ అప్పన్నకి కోడెదూడ మొక్కేసింది, మీరూ రండి, ఆటోలో చోటుంది" అన్నారు. ఆ చోటు దూడ మూతికి ఎదురుగా అని చెప్పలేదు.

విశాఖలో పుట్టి పెరిగినవాళ్లకి కోడెదూడ మొక్కు గురించి చెప్పక్కర్లేదు. పిల్లలు పుడితే, జబ్బు నయమైతే, గట్టెక్కలేమనుకున్న గండం గడిస్తే సింహాద్రి అప్పన్నకి కోడెదూడను సమర్పించుకోవడం ఉత్తరాంధ్రలో తరాలుగా ఉన్నదే. పాతకాలపు రైతు తన పాకలో పుట్టినవాటిలో ఏపైన కోడెను చూసి దేవుడి పేర వదిలేవాడు. అలా ముద్రవేసి వదిలింది ఎవరి చేలో పడి మేసినా కర్ర ఎత్తేవాళ్లు కాదు, అచ్చోసిన ఆంబోతు అన్న తిట్టు మనకి అక్కడి నుంచే వచ్చింది. అప్పుడు దేవుడికి ఇంట్లో ఉన్నవాటిలో మంచిది ఇచ్చేవాళ్లు, ఇప్పుడు ఎవరికీ అక్కర్లేనిది ఇస్తున్నారు. అంతే తేడా. మిగతాదంతా సంప్రదాయబద్ధంగానే జరుగుతోంది, పసుపు కుంకుమలతో సహా.

ఆదివారం పొద్దున్నే ఎంవీపీ కాలనీలో బయల్దేరి, హనుమంతవాక దాటి ఆరిలోవ దగ్గర ఒక సందులో ఆగాం. అక్కడ మా పాలాయన సాల. దూడ నిలబడి ఉంది, అంటే నిలబెట్టి ఉంచారు. గోధుమరంగు జెర్సీ క్రాసు, నుదుట తెల్ల మచ్చ, బొడ్డు దగ్గర ఎండిపోయిన పేగు ఇంకా రాలలేదు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. సెక్రటరీ గారి మనవడు లెక్కపెట్టాడు కూడా, వాడికి ఈమధ్యే అంకెలు వచ్చాయి, తొమ్మిది దాకా వచ్చి తడబడి మళ్లీ మొదట్నుంచి మొదలెట్టాడు. అందరం మురిసిపోయాం.

"ఎన్నాళ్లదయ్యా?" అన్నాను.

"వారమైంది బాబూ. మొన్న జున్నుపాలు పంపలేదేటి, ఆ ఆవుదే" అన్నాడు పాలాయన, చుట్టరికం కలిపినంత సంతోషంగా.

ధర పదిహేను వందలు. సెక్రటరీ గారు దేవుడి పనయ్యా కాస్త తగ్గించవయ్యా అని బేరం మొదలెట్టారు. "దేవుడికని అడిగినారు కాబట్టే పదిహేను వందలు బాబూ, లేకపోతే ఉత్తినే ఇచ్చేద్దును" అన్నాడు పాలాయన. మన పశుపోషణ ఆర్థికశాస్త్రం మీద ఇంత పొట్టి ఉపన్యాసం నేనెక్కడా వినలేదు.

ఇక ఆటో. ముందు సీట్లో డ్రైవరు, ఆయన సీటు అంచున సగం గాల్లో నేను. వెనక సెక్రటరీ గారు, ఆవిడ, కోడలు, కోడలి ఒళ్లో మనవడు, అందరి కాళ్ల మధ్యా దూడ. దూడకి నాలుగు కాళ్లుంటాయన్న సంగతి ముందుగా ఎవరూ ఆలోచించినట్టు లేదు. రెండు లోపల పెడితే రెండు బయట, ఆ రెండూ లోపలికి తోస్తే సెక్రటరీ గారి కాలు బయట. చివరికి దాన్ని అడ్డంగా మడిచి, తోక సెక్రటరీ గారి చేతికి, తాడు ఆవిడ చేతికి ఇచ్చి, తల మాత్రం ఎక్కడా ఇమడక ముందుకి తోశారు. అది నా మోచేతి దగ్గర తేలింది. తేలగానే నా మోచేతిని నోట్లో పెట్టుకుని చీకడం మొదలెట్టింది.

"మీరంటే ఎంతిష్టమో చూడండి" అన్నారు ఆవిడ.

డ్రైవరుకి టెన్షన్. "ఏటి సార్, ఒకడు ఎక్కువైతేనే ఆపేస్తారు, దీన్ని ఏటని సెప్పమంటారు?" అన్నాడు. "దేవుడి సొమ్మని చెప్పు" అన్నారు సెక్రటరీ గారు. పశువుని బండిలో తరలించాలంటే అది ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలని 1978 నాటి రవాణా నిబంధనలు చెప్తున్నాయని నేను గొణిగాను. మోచెయ్యి ఒకరి నోట్లో ఉండగా నిబంధనలు మాట్లాడితే గౌరవం ఉండదు. ముడసర్లోవ దాటాక ఒక కానిస్టేబులు నిజంగానే చెయ్యెత్తి ఆపాడు. లోపలికి తొంగిచూశాడు. మా ఆరుగుర్నీ లెక్కపెట్టి నోరు తెరవబోయి దూడను చూసి ఆగిపోయి, దాని నుదుటిని తాకి కళ్లకద్దుకుని, పొమ్మని చెయ్యూపాడు. డ్రైవరు ఆ తర్వాత ప్రతి సిగ్నల్‌లోనూ దూడ తల బయటికి కనపడేలా సర్దాడు.

అడవివరంలో దిగాక కోడలు దాని మెడలో బంతిపూల దండ వేసి, బొట్టు పెట్టి, ఫోను తీసింది. ఫోను తెరిచేలోపు దూడ దండ కొస నోట్లోకి లాక్కుని చప్పరించి సగం మింగేసింది. ఇది శుభమా అపశకునమా అని పది నిమిషాలు చర్చ జరిగింది. వీడియో కాల్‌లో అనకాపల్లి నుంచి ఒక పెద్దాయనని కూడా కలిపారు, ఆయన పూలు తింటే శుభమే గానీ దారం తినకూడదన్నారు. దూడకి ఆకలేసిందేమో అన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. నాతో సహా. నేను మోచెయ్యి తుడుచుకుంటున్నాను.

అప్పగించే చోట మాకంటే ముందు మూడు కుటుంబాలు, మూడు దూడలు. ఆ మూడూ ఒకదాని చెవి ఒకటి చీకుతున్నాయి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చోటు ఎక్కువై అందరం హాయిగా కాళ్లు చాపుకున్నాం. నాకే మోచెయ్యి చల్లగా ఉంది.

ఆ జున్ను సంగతి చెప్పాలిప్పుడు. బెల్లం, యాలకులు, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికిస్తే మొదటిపూట పాలు గడ్డలా కడతాయి, చాకుతో కోయాలి. నేను రెండు ముక్కలు తిన్నాను, ఎవరూ చూడకుండా మూడోది కూడా. తినేటప్పుడు గుర్తురాని విషయం ఏమిటంటే, మనిషి బిడ్డకి రోగనిరోధక శక్తి కొంత తల్లి కడుపులో ఉండగానే అందుతుంది, ఆవు దూడకి అందదు. దాని మావిలోంచి అది దాటి రాదు. దూడ పుట్టిన మొదటి కొన్ని గంటల్లో కడుపునిండా తాగే ముర్రుపాలలోనే దాని రక్షణంతా ఉంటుంది, ఒక రోజు గడిస్తే ఆ తర్వాత తాగినా దాని పేగు ఆ శక్తిని పీల్చుకోలేదు. సెక్రటరీ గారి మనవడికి పుట్టిన వెంటనే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి అన్నీ వేయించారు, కార్డు లామినేషన్ చేయించి మరీ దాచారు. దూడకున్న ఒకే ఒక్క టీకాని మాత్రం మనం బెల్లం వేసుకుని తినేశాం. తినేసి, ఆ దూడనే పట్టుకెళ్లి మా పిల్లాడి ఆరోగ్యం చల్లగా చూడు తండ్రీ అని దండం పెట్టొచ్చాం.

మా అమ్మమ్మ ఇంట్లోనూ జున్ను చేసేవాళ్లు. దూడ తాగి, మూతి నురగతో తల్లి పక్కన కూలబడ్డాక, మిగిలిన పాలతో. ఆ జున్ను మీద నాకు తగువు లేదు.

పాలాయన్ని తిట్టి ఊరుకోవడం సులువు. తవుడు, గానుగ చెక్క ధరలు పెరిగాయి లీటరుకి రెండు రూపాయలు పెంచుతానంటే అపార్ట్‌మెంటంతా మీటింగు పెట్టింది మేమే, తీర్మానం రాసింది సెక్రటరీ గారే. ఆడదూడైతే రేపు పాలిస్తుంది కనక ఒక చన్ను దానికి వదులుతాడు. మగదూడ దేనికి? పొలంలోకి ట్రాక్టరు వచ్చింది. జెర్సీ క్రాసుకి కాడి ఆనడానికి సరైన మూపురం కూడా ఉండదు. దాన్ని పెంచలేడు. చంపనివ్వరు, 1977 నాటి రాష్ట్ర చట్టం గోవధనే కాదు, దూడలు ఆడవైనా మగవైనా వాటి వధనీ నిషేధించింది. అందుకని ఎవరూ చంపరు. అదే చచ్చిపోతుంది. విరేచనాలు పట్టుకుని, పక్కన తల్లి ఉండగా, దానికి అందనంత పొట్టి తాడుతో కట్టేసిన చోట.

2019 పశుగణన చూస్తే దేశంలో ఆవుజాతి పశువులు 19 కోట్ల పైచిలుకు. ఆడవి 14.5 కోట్లు, మగవి 4.7 కోట్లు. 2012 లెక్కతో పోలిస్తే మగవి 30 శాతం తగ్గాయి. ఆవు కడుపున ఆడా మగా ఇంచుమించు సగం సగమే పుడతాయి. గేటు దగ్గర చెప్పుల జత పోతే మూడు గంటల సీసీ కెమెరా ఫుటేజీ వెతికించే సెక్రటరీ గారు, ఈ పది కోట్ల తేడా ఎటు పోయిందని ఒక్క గుడ్‌మార్నింగ్ మెసేజీలోనైనా అడగలేదు. ఇప్పుడు ఆడదూడలే పుట్టే వీర్యం సబ్సిడీ మీద వేయిస్తున్నారు, నూటికి తొంభై దాకా ఆడవే. మనుషుల ఆసుపత్రిలో లోపలున్నది ఆడో మగో చెప్తే జైలు, పశువుల ఆసుపత్రిలో రాయితీ. నవ్వొస్తుంది గానీ, పుట్టి అలా పోవడం కంటే పుట్టకపోవడమే దానికి మేలేమో.

సరే, ఆ మోచేతి దగ్గరికి వస్తాను. ఆవు ఊరికే పాలివ్వదు, చేపాలి, అంటే పొదుగులోకి పాలు దించాలి. చాలా ఆవులు చేపాలంటే దూడ మూతి తగలాలి. అందుకని రోజుకి రెండుసార్లు, ఒక నిమిషం, దూడను వదులుతారు. అది పరిగెత్తుకొచ్చి పొదుగుని కుమ్ముతుంది, ఒక గుక్క, రెండు గుక్కలు, నోట్లో నురగ వస్తుండగానే మెడ తాడు పట్టి ఈడ్చేసి గుంజకి కట్టేస్తారు. నాలుక బయటే ఉంటుంది. మిగతా పాలు బిందెలోకి. దూడ చచ్చిపోతే కొన్నిచోట్ల దాని తోలు తీసి లోపల గడ్డి కుక్కి, నాలుగు కర్రముక్కల మీద తల్లి ముందు నిలబెడతారు. ఆవు దాన్ని నాకుతుంది. గడ్డి కుక్కిన తన బిడ్డని నాకి నాకి చేపుతుంది. ఆ పాలు అయిదున్నరకి మన గుమ్మంలో ఉంటాయి, సరిగ్గా గోమాత శ్లోకం వచ్చే వేళకి, ఆ పాలతో కాఫీ కలుపుకుని ఆ శ్లోకానికి మనం దండం బొమ్మ పెడతాం, సిగ్గూ శరం లేకుండా! ఇంకా నయం, ఆవుని చేపించే సూదిమందు వచ్చాక గడ్డి కుక్కే శ్రమ కూడా తగ్గిందట. ఆ పిచ్చిది నా మోచేతిలో వెతుక్కుంది పాలని. ఇష్టమట!

ఈ వ్యాసం ఎవరి మనోభావాలనీ దెబ్బతీయడానికి రాసింది కాదని మనవి. మతపరమైన మనోభావాలని కావాలని గాయపరిస్తే మూడేళ్ల దాకా జైలు. దూడను పస్తు పెడితే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం మొదటి తప్పుకి జరిమానా 10 రూపాయలకి తగ్గకుండా, 50 రూపాయలకి మించకుండా. దశాబ్దాలుగా అదే రేటు. 2022లో సవరణ ముసాయిదా ఒకటి బయటపెట్టి ప్రజల అభిప్రాయాలడిగారు. ఆర్కే బీచ్‌లో ముంత మసాలా బండాయన కూడా ఇన్నేళ్లు ఒకే ధర ఉంచలేదు. ఇదంతా తిరుగుప్రయాణంలోనే సెక్రటరీ గారికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

మీ మొక్కుని ఎవరూ కాదనరండీ, ఆ పదిహేను వందలూ పాలాయనకే ఇచ్చి దూడను తల్లి దగ్గరే రెండు నెలలు తాగనివ్వమని, అది నాలుగు పరకలు నమిలే వయసొచ్చాక కొండకి తీసుకెళ్దామని కూడా అన్నాను. అప్పన్న వరాహమయ్యాడు, నరసింహుడయ్యాడు గానీ ఆవు కాలేదు కదా, వారం రోజుల దూడని ఇస్తే ఆయన మాత్రం ఏం పెడతాడు అన్నాను.

"నిజమేననుకోండి" అన్నారాయన. "కానీ అప్పటిదాకా మొక్కు తీరినట్టు ఫొటో ఏం పెడతాం?"

మొన్న జున్ను గిన్నె తిరిగివ్వాల్సి వచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదా, మా ఆవిడ గుప్పెడు పంచదార పోయబోతుంటే ఆపి, 50 రూపాయల నోటు మడిచి అందులో పెట్టి నేనే వెళ్లి ఇచ్చాను.

"ఇదేంటండీ?"

"జరిమానా. నేను తిన్న మూడు ముక్కలకి."

ఆయన నోటు తీసుకుని లోపలికెళ్లారు. ఆలోచనలో పడ్డారనుకున్నాను. నాలుగు పదిరూపాయల నోట్లు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మొదటిసారే కదండీ, పది చాలు."