పదిహేడో అడ్డ ఈనె

రాతిలో దొరికిన పురుగు రెక్క మీద, నిలువు ఈనెల్ని కలిపే అడ్డ ఈనెలు పదహారుంటే పాత జాతి. పదిహేడుంటే కొత్త జాతి. ఇంత తేలిక లెక్క మీద కూడా అనుమానాలుంటే అది మన చదువు లోపం, శాస్త్రం తప్పు కాదు.

అల్లిక రెక్కల పురుగుల శిలాజాల మీద వచ్చే వ్యాసాలు చదవడం నాకున్న వ్యసనాల్లో ఒకటి. ఆ పురుగు పత్తి రైతులకు తెలిసిందే. లేతాకుపచ్చ ఒళ్లు, గాజు కాగితంలాంటి రెక్కలు, వెంట్రుకంత కాడ కొసన ఒక్కో గుడ్డు. దాని పిల్ల పేనుబంకను పీల్చి పిప్పి చేస్తుంది. దాని వర్గానికి గ్రీకు మాటలతో న్యూరోప్టెరా అని పేరు పెట్టారు, నరాల రెక్కలని. 1898లో మొదలుపెట్టి కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కామ్‌స్టాక్, నీధమ్ అనే ఇద్దరు పురుగుల రెక్కల మీది ఈనెలకి వరసగా పేర్లు పెట్టేశారు: కోస్టా, సబ్‌కోస్టా, రేడియస్, మీడియా, క్యూబిటస్, ఏనల్. అప్పట్నుంచి చెయ్యి చూసి జాతకం చెప్పినట్టు రెక్క చూసి కులగోత్రాలు చెప్పడం వచ్చేసింది.

శిలాజాలకు పేర్లు పెట్టే పండితుల ఇబ్బంది వాళ్లకుంది, కాదనను. బతికున్న పురుగుకైతే మగదాని జననాంగాలు చూసి జాతి తేలుస్తారు. రాతిలో పడ్డదానికి ఒళ్లే సరిగా మిగలదు, గట్టిది కాబట్టి రెక్క మిగులుతుంది. జర్మనీలో జోల్న్‌హోఫెన్ సున్నపురాతిలో దొరికిన ఒకదానికి 1904లో కాలిగ్రామా అని పేరు పెట్టారు. అందమైన గీత అని అర్థం. దాదాపు 15 కోట్ల ఏళ్ల నాటి రెక్క, దాని మీద కన్నులాంటి మచ్చ. అలాంటిది కనిపిస్తే నేనూ చేతులు కట్టుకుని నిలబడతాను.

నా గొడవంతా ముక్కలతో. రెక్క మొదలు విరిగింది. కొస లేదు. వెనకంచు నలిగింది. మిగిలింది బొటనవేలి గోరంత. అయితేనేం, కొత్త ప్రజాతి, అందులో కొత్త జాతి! లేని కొసలో ఈనెలు ఎలా పోయి ఉంటాయో చుక్కల గీతలతో గీసి చూపిస్తారు. పురుగు పేరు వెనకాల తమ పేరు, సంవత్సరం. పెళ్లిలో చదివించిన స్టీలు గిన్నె మీద చెక్కించినట్టు.

ఈ పండితుల్లో ఒకాయన్ని నరసాపురం తీసుకెళ్లి, అరుగు మీద లేసు అల్లుకుంటున్న ఓ మామ్మగారి పక్కన పీట వేసి కూచోబెట్టాలని నా చిరకాల వాంఛ. ఒకే డిజైనులో డజను గుడ్డలు అల్లి పక్కన పెట్టి ఉంటారు మామ్మగారు. ఆయన భూతద్దం తీస్తాడు. మొదటిదాని అంచున పదహారు గళ్లు. రెండోదానికి పదిహేడు. ఆయన చెయ్యి వణుకుతుంది.

“మామ్మగారూ, ఇది కొత్త జాతండీ!”

“ఏది బాబూ?”

“ఇక్కడ ఒక గడి ఎక్కువుంది.”

“అదా. అప్పుడు కరెంటు పోయింది.”

కరెంటు పోవడాన్ని ఆయన జీవపరిణామంలో ఒక ఘట్టంగా రాసుకుంటాడు. మూడోదాంట్లో దారం ఒకచోట రెండుగా చీలి మళ్లీ కలిసింది. మనవడు దారపుండ పట్టుకుని లాగాడంటారు మామ్మగారు. కొత్త ప్రజాతి! నాలుగోది సగంలో ఆగింది, పొయ్యి మీద పాలు పొంగితే ఆవిడ లేచి వెళ్లారు. ‘కొస భాగం లభ్యం కానప్పటికీ ప్రత్యేకతలు సుస్పష్టం’ అని రాసి, దానికి ఏకంగా కొత్త కుటుంబం కట్టేస్తాడు. పొద్దుగూకేసరికి ఆ అరుగు మీద రెండు కుటుంబాలు, ఐదు ప్రజాతులు, పన్నెండు జాతులు. ఏజెంటు మాత్రం వచ్చి డజను అని లెక్కపెట్టి, డజనుకే డబ్బులిచ్చి పోతాడు. వెళ్లబోతూ పండితుడు, ఒక జాతికి మీ పేరు పెడతానంటాడు. “పేరెందుకులే బాబూ, ముందు ఆ అద్దం మార్పించుకో” అంటారావిడ.

నేను కల్పించింది మామ్మగారిని ఒక్కరినే. ఈ పురుగుల్లో ఒకేదాని కుడి రెక్కకీ ఎడమ రెక్కకీ అడ్డ ఈనెల లెక్క తేడా రావడం ఈ పండితులందరికీ తెలిసిన సంగతే. ఆ కుడి రెక్క ఒకాయనకీ ఎడమ రెక్క ఇంకొకాయనకీ దొరికిందనుకోండి. పాపం, ఆ పురుగు తనకు తానే దాయాది.

పోనీ రెక్కలు ఒకేలా ఉంటే జాతి ఒకటేనా అంటే, అదీ కాదు. ఈ పురుగుల్లోనే క్రైసోపెర్లా అనే ప్రజాతిలో కొన్ని జాతులు చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. పొట్ట ఆడిస్తూ, కూచున్న ఆకును కదిలించి జోడీని పిలుస్తాయి. ఆ పాటలోనే ఉంది తేడా అంతా. మన చేలల్లో ఉన్నదాన్ని ఏళ్ల తరబడి కార్నియా అనే జాతి అన్నారు, ఇప్పుడు జాస్ట్రోవీ సిల్లెమీ అంటున్నారు. పాట రాతిలో మిగలదు కదా, శిలాజాల దగ్గర ఆ టెన్షన్ లేదు.

సరే, లెక్కలు తప్పితే తర్వాత ఇంకొకడెవడో దిద్దుకుంటాడు. ఒంటికి కారం రాసుకున్నట్టయ్యేది నాకు ఇంకోచోట. రేడియస్ ఎక్కడ చీలిందో ఒక పేరా, మీడియా ఎక్కడ వంగిందో ఒక పేరా. ముక్క దొరికిన చోటుకి మాత్రం ఒక్క లైను: మయన్మార్, కచిన్ రాష్ట్రం, హుకాంగ్ లోయ. సుమారు 9.9 కోట్ల ఏళ్ల నాటి అంబర్, అంటే రాయిలా గట్టిపడ్డ చెట్టు జిగురు. అంతే.

ఆ అంబర్ కోసం మనుషులు ఒళ్లు ఇరికించుకుని దిగేంత సన్నటి గోతుల్లోకి దిగుతారు. 2017 జూన్‌లో మయన్మార్ సైన్యం ఆ లోయలోని తనాయ్ ప్రాంతంలో హెలికాప్టర్ల నుంచి కరపత్రాలు జల్లి, గనులూ ఊళ్లూ ఖాళీ చేయమంది. వేలమంది ఇళ్లు వదిలిపోయారు. గనులు సైన్యం చేతికి పోయాయి. సరుకు మాత్రం సరిహద్దు దాటి చైనాలోని తెంగ్‌చోంగ్ బజారుకి చేరుతూనే వచ్చింది. ఆ గొడవ మొదలయ్యాక కొన్న అంబర్ మీద వ్యాసాలు వేయొద్దని 2020లో పత్రికలకు ఉత్తరం రాసింది వెన్నెముక ఉన్న జీవుల శిలాజాలు చూసే శాస్త్రవేత్తల సంఘం. పురుగుకి వెన్నెముక లేదు, నిజమే. పురుగు మీద రాసేవాడికి ఏమొచ్చింది?

గోరంత ముక్కలో పదిహేడో ఈనెను పట్టుకున్న కళ్లయ్యా అవి! ఆ ముక్క ఏ నెలలో బయటికొచ్చిందో, ఎవడు దిగి తెచ్చాడో, వాడి చేతిలో ఎంత పెట్టారో వాటికి కనపడవా? విరిగిపోయిన కొస ఎలా ఉండేదో చుక్కలు పెట్టి గీయడం వచ్చుగా, ఇక్కడ ఒక్క చుక్కయినా పెట్టలేకపోయారా? పెట్టారు లెండి, ఫుల్‌స్టాప్. తర్వాతి పేరాలో ఇంకో రెక్క ముక్క, మళ్లీ లెక్క మొదలు. ఈసారి పద్దెనిమిది.