ఆబ్రియెటా చల్లి వదిలేసే మొక్క కాదు

రాతిగోడ మీంచి ఊదారంగు పూలు ధారకట్టినట్టున్న ఫొటో ఒకటి చేతులు మారుతోంది. దాని కింద నాలుగు ముక్కలు: "ఆబ్రీషియా విత్తనాలు రాళ్ల సందుల్లో చల్లి వదిలేయండి. ఏ వాతావరణంలోనైనా ఏడాది పొడవునా పూస్తుంది. మట్టి అక్కర్లేదు. కత్తెర తగిలిందో, చచ్చిపోతుంది."

ఈ మొక్క శాస్త్రీయ నామం ఆబ్రీషియా కాదు. 1763లో వృక్షశాస్త్రవేత్త ఆడన్‌సన్ దీనికి క్లోడ్ ఓబ్రియే అనే ఫ్రెంచ్ చిత్రకారుడి పేరు పెట్టాడు కాబట్టి ఆబ్రియెటా. సరే, అది చిన్న విషయం.

ఏడాది పొడవునా పూయదు. వసంతంలో కొన్ని వారాలు ఆకు కనపడనంతగా విరగబూస్తుంది. మిగతా రోజుల్లో మీరు చూసేది బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ ఆకుల చాపనే. ఆగ్నేయ ఐరోపా, టర్కీ కొండరాళ్ల మీద పుట్టింది కనుక చలిని లెక్కచేయదు. రాత్రి కూడా చల్లబడని ఉక్కపోతలో మాత్రం కుళ్లిపోతుంది. నీడలో పెడితే పూలు పలచబడతాయి.

అసలు తిరకాసంతా ఆ "చల్లి వదిలేయండి"లోనే ఉంది. విత్తనం ఎంత సన్నమంటే గోడ సందులో వేస్తే మొదటి వానకే కొట్టుకుపోతుంది. ట్రేలో మట్టి పైపైన చల్లి, వేలితో అదిమి వదలాలి. మొలకెత్తడానికి వెలుతురు కావాలి, లోతుగా కప్పకూడదు. మొక్క ఇంకా చిన్నగా ఉండగానే సందులోకి మార్చాలి. పక్కకు పడుకోబెట్టి, వేళ్లను లోపలికి తోసి, చుట్టూ బిగువైన మట్టి కూరి, కింద ఓ చిన్న రాయిని చీలలా దిగ్గొట్టాలి. ఆ సందు గోడ వెనకున్న మట్టిని తాకాలి. తాకకపోతే వేరు గాల్లో వేలాడి ఎండిపోతుంది. "రాళ్ల మొక్కకు మట్టెందుకు" అనేవాళ్లు చూడనిది ఇదే: రాయి పైకి కనిపిస్తుంది, వేరు మాత్రం దాని వెనక చల్లటి మట్టిలో ఉంటుంది. ఆ మట్టిలో నీరు నిలవకూడదు, కాస్త సున్నం ఉంటే మరీ మంచిది. వేరు పట్టేదాకా నీళ్లు పోయాల్సిందే. పూలంటారా, సాధారణంగా మరుసటి వసంతానికే.

విత్తనంతో ఫొటోలోని రంగే వస్తుందన్న హామీ కూడా లేదు. అదే రంగు కావాలంటే కొమ్మ ముక్కలు నాటుకోవాలి.

ఇక కత్తెర. పూలు వాడగానే చాపను సగానికి కత్తిరించాలి. కొన్నేళ్లుగా కత్తెర తగలని చాప అంచును ఎత్తి చూడండి: మధ్యలో గోధుమరంగు పుల్లలు, పచ్చదనం చుట్టూ అంచు మీద మాత్రమే. అలా ముదిరి బోడైన పుల్ల మళ్లీ చిగురించడం కష్టం.