వయసు ఎంత వేయమంటారు?

పదహారేళ్లు నిండని పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసి, 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లో పెట్టింది. పిల్లలకూ తల్లిదండ్రులకూ శిక్ష లేదు. పిల్లల్ని ఆపడానికి తగిన ప్రయత్నం చేయని కంపెనీకి మాత్రం 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా. అంతా బాగానే ఉంది గానీ, మనిషికి వయసు ఒక్కటే ఉంటుందని ఆ దేశం ఎలా నమ్మిందో నాకు అర్థం కావడం లేదు.

బెంగళూరు మారతహళ్లిలో మా తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్‌కి వచ్చి చూస్తే తెలిసేది. పక్క ఫ్లాట్ బాబుకి స్కూల్లో చేర్చిన ఏడాది ఆరేళ్లు. అదే ఏడాది తిరుపతి వెళ్దామని కేఆర్ పురం స్టేషన్‌లో రైలెక్కేసరికి నాలుగు. ఐదు నిండకపోతే టికెట్ అక్కర్లేదు కదా. "టీసీ అంకుల్ అడిగితే ఎంతని చెప్పాలి నాన్నా?" అని వాళ్లమ్మ బంగారుపేట దాకా వల్లె వేయించింది. ఇప్పుడు వాడికి పదకొండు. ఇన్‌స్టాలో మాత్రం 1990లో పుట్టాడు. ఇది అబద్ధం కాదండీ, పెంపకం.

వంశపారంపర్యం అన్నా తప్పులేదు. వాళ్ల తాతగారిని బడిలో వేసినప్పుడు పంతులుగారు వాకిట్లోంచే ఓ చూపు చూసి, పుట్టినతేదీ జూలై 1 అని రాసేసుకున్నారట. ఉద్యోగానికి పనికొస్తుందని రెండేళ్లు తగ్గించి మరీ. అందుకే ఆయనకు షష్టిపూర్తి ముందు అయింది, రిటైర్మెంట్ తర్వాత వచ్చింది.

ఇన్‌స్టా లాంటి వాటిలో ఖాతా తెరవాలంటే పదమూడేళ్లు నిండాలన్న నిబంధనకు మూలం అమెరికా 1998లో చేసిన చట్టం. పదమూడు లోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంది. కంపెనీలు అనుమతి గొడవ ఎందుకని పుట్టిన సంవత్సరం అడిగి ఊరుకున్నాయి. బొటనవేలితో ఒక్క తోపు తోస్తే స్క్రీన్ మీది ఆ సంవత్సరాల చక్రం గిర్రున తిరిగి ఎక్కడో ఆగుతుంది. ఆగినచోట పుట్టినట్టే. ఆ 1990 నాటి పెద్దమనిషి రోజూ స్లైమ్ వీడియోలు చూస్తాడు, పొద్దున ఎనిమిదికి మాయమై మూడున్నరకి తేలతాడు, వార్షిక పరీక్షలప్పుడు అసలు కనిపించడు. వాడికి ఏ చెప్పులు నచ్చుతాయో వాడికంటే ముందే కనిపెట్టే కంపెనీకి వాడి వయసు మీద మాత్రం ఇంతవరకు అనుమానం రాలేదు. అంత అమాయకత్వం ఈ రోజుల్లో ఎవరికుంటుంది చెప్పండి!

మన దగ్గర కర్ణాటక హైకోర్టు 2023లో ఓ కేసు విచారణలో, మందుకి ఉన్నట్టే సోషల్ మీడియాకీ వయోపరిమితి ఉంటే మంచిదని, ఇరవై ఒకటి పెట్టొచ్చని నోటిమాటగా అంది. అదే ఏడాది వచ్చిన డేటా రక్షణ చట్టం పద్దెనిమిది లోపు అందరినీ పిల్లలే అంది. వాళ్ల కదలికలు గమనిస్తూ ప్రకటనలు వేయకూడదు, తల్లిదండ్రుల అనుమతి నిర్ధారించుకోవాలి, తప్పితే 200 కోట్ల దాకా జరిమానా. ప్రకటనల సంగతి నిజంగా మంచిదే. అనుమతి దగ్గరే నాకు టెన్షన్. పక్క ఫ్లాట్‌లో ఆ అనుమతి ఎలా వస్తుందో కళ్లారా చూశాను. తండ్రి మ్యూట్‌లో పెట్టుకుని ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. బాబు వచ్చి, "నాన్నా, నీకు ఓటీపీ వచ్చింది, నేను కొట్టేశాను" అన్నాడు. తండ్రి బొటనవేలు పైకెత్తాడు. అది బాబుకో, స్క్రీన్‌లో మేనేజర్‌కో నాకు తెలియలేదు.

సెల్ఫీ చూసి వయసు అంచనా కట్టే యంత్రాలు ఆస్ట్రేలియాలో వాడుతున్నారు. అవి ఇక్కడికొస్తే అడ్డుపడేది పిల్లలు కాదు. ఆదివారం పూట నెత్తికి హెన్నా పట్టించుకుని బాల్కనీలో కూర్చునే మూడో అంతస్తు బాబాయిగారు అప్పుడే సంతకాలు సేకరిస్తున్నారు. ఆయనకి తన గురించి బెంగ లేదు. వాళ్లబ్బాయికి సంబంధాలు చూస్తున్నారు, బయోడేటాలో మూడేళ్లుగా ముప్ఫై ఒకటే నడుస్తోంది. అది కుదిరాక ఏ యంత్రాన్నైనా తెచ్చుకోమంటున్నారు.