చుక్కలు చూసి వెళ్లాలా, వాయి చూసి వెళ్లాలా?

(కర్నూలు నుంచి బెంగళూరు. శుక్రవారం మధ్యాహ్నానికి చేరడం, సోమవారం పొద్దున బయల్దేరడం. ఏం చూడాలన్నది తేలింది, ఎక్కడ తినాలన్నదే తేలలేదు. మరిది ఫోన్లో రేటింగు చుక్కలు చూసి జాబితా చేశాడు. వదిన దగ్గర చేత్తో రాసుకున్న కాగితం ఉంది.)

మరిది: ఇదిగో వదినా, రెండు రాత్రులు కూర్చుని చేశాను. 4.2 దాటిన రేటింగు, 5 వేలకు పైగా రివ్యూలు, ఈ రెండూ ఉన్నవే తీసుకున్నా. శుక్రవారం సాయంత్రం గాంధీబజార్ విద్యార్థి భవన్. ఆదివారం పొద్దున శంకరపురం బ్రాహ్మిన్స్ కాఫీ బార్. సోమవారం కారెక్కే ముందు లాల్‌బాగ్ రోడ్ ఎంటీఆర్.

వదిన: విద్యార్థి భవన్‌కి శుక్రవారం సెలవు. బ్రాహ్మిన్స్‌కి ఆదివారం సెలవు. లాల్‌బాగ్ రోడ్ ఎంటీఆర్‌కి సోమవారం సెలవు. మూడు రోజులూ మూడు తాళాలు చూపించడానికి తీసుకెళ్తున్నావా నాయనా? పంతం పట్టి చేసినా ఇంత చక్కగా కుదరదు.

మరిది: సరే, దెబ్బ తగిలింది. కానీ ఆ సెలవుల సంగతి కూడా ఫోన్లోనే ఉంటుంది. పేరు నొక్కితే వారం రోజుల వేళలూ వస్తాయి. నేను నొక్కలేదు. తప్పు నాది, పద్ధతిది కాదు.

వదిన: పద్ధతిదే. రేటింగు హోటలుకి వేస్తారు. మనం తినేది హోటలుని కాదు, పొయ్యి మీంచి ఒక్కసారి దించిన ఒక వాయిని. ఆ చుక్కలు వేసినవాళ్లలో పొద్దున 7కి తిన్నవాళ్లున్నారు, 11:30కి తిన్నవాళ్లున్నారు, కాఫీ ఒక్కటే తాగి పోయినవాళ్లున్నారు, కారు పెట్టుకోడానికి చోటు దొరకలేదన్న కోపంతో ఒక చుక్క గీసినవాళ్లున్నారు. అందరినీ కలిపి రుబ్బితే వచ్చిన అంకె అది. ఇడ్లీ సంగతే చూడు. దించిన అయిదు నిమిషాల్లో వేలితో నొక్కితే మళ్లీ లేస్తుంది. అరగంట మూత కింద ఉంటే ఆవిరి నీరై అడుగుకి దిగి జిగురొస్తుంది. చట్నీ ఇంకా నాజూకు. పొద్దున రుబ్బింది పదిన్నర దాటేసరికి నీళ్లు కలిసి పలచబడుతుంది, ఎండాకాలమైతే పులుపు తిరుగుతుంది. కాఫీ కూడా అంతే. మొదటి డికాక్షన్‌తో కలిపింది వేరు, అదే పొడి మీద రెండోసారి నీళ్లు పోసి దించింది వేరు. బ్రాహ్మిన్స్‌లో అసలు సాంబారే ఉండదు. 1965లో పెట్టిన చోటు. ఇడ్లీ, వడ, ఖారాబాత్ అనే ఉప్మా, కేసరిబాత్ అనే రవ్వ కేసరి, కాఫీ, టీ. ఇడ్లీ మీద పోసేది చట్నీ ఒక్కటే. అలాంటి చోటికి ఎన్ని చుక్కలున్నాయన్నది కాదు, ఎన్ని గంటలకి వెళ్లామన్నది ముఖ్యం.

మరిది: దానికీ ఫోన్లో మార్గం ఉంది. గంట గంటకీ జనం ఎంతమందో గీతలు చూపిస్తుంది. పొట్టి గీత ఉన్న గంట చూసుకుని వెళ్తే కూర్చోడానికి చోటుంటుంది, నిలబడే పనుండదు.

వదిన: టిఫిను హోటల్లో పొట్టి గీత చూసి వెళ్లడమంటే చల్లారిన ఇడ్లీ కోసం వెతుక్కుంటూ వెళ్లడమే. జనం ఉంటేనే వాయి తిరుగుతుంది. పొయ్యి దగ్గరివాడు ఇడ్లీ దించిన మరుక్షణం పళ్లాల్లోకి పోతుంది. పదిన్నరకి జనం పలచబడ్డాక దించిన వాయి పదకొండింటి దాకా అక్కడే కూర్చుంటుంది. నీ పొట్టి గీత మీద మనం తినేది దాన్నే.

మరిది: ఇడ్లీకి ఒప్పుకుంటా. దోశకి మాత్రం మీరు చెప్పిందానికి తలకిందులు. ఆదివారం తొమ్మిదిన్నరకి విద్యార్థి భవన్ ముందు జాతరలా ఉంటుంది. లోపల పెనం ఒక్క క్షణం ఖాళీ ఉండదు. ఒక వరస తీయగానే నీళ్లు చల్లి, చీపురుతో ఊడ్చి, పెనం మళ్లీ కాగకముందే ఇంకో వరస పోసేస్తారు. చల్లబడ్డ పెనం మీద పోసిన దోశకి రంగు రాదు, మంట పెంచితే మధ్యలో మాడి అంచులు తెల్లగా మిగులుతాయి. ఎక్కడైనా అంతే. మరి రద్దీ మంచిదా, చెడ్డదా? ఏదో ఒకటి చెప్పండి.

వదిన: (కాసేపు ఊరుకుని) ఇది నిజం. నీళ్లు చల్లగానే చుయ్యిమని క్షణంలో ఆరిపోతే పెనం సరిగ్గా ఉన్నట్టు, బుడగలేసుకుంటూ నింపాదిగా ఆరితే చల్లబడినట్టు. పెనం కనిపించే చోటైతే మన వంతు వచ్చేలోపు రెండు వరసలు గమనిస్తే తెలిసిపోతుంది. కాబట్టి దోశకి రద్దీ నడినెత్తికి వచ్చినప్పుడు కాదు, పైకెక్కుతున్నప్పుడు వెళ్లాలి. పొద్దున 6:30కి తీసి అరగంట గడిచాక. అప్పటికి తొలి వరసలు పోసి పెనం నూనె పట్టి ఉంటుంది, జనం ఇంకా మీద పడరు. అది కూడా శనివారం. ఆదివారమైతే ఎంత పొద్దున్నే వెళ్లినా జనమే.

మరిది: ఒక ముక్క గెలిచాను, రాసుకోండి. రెండోది అడుగుతా. మీ కాగితం మీద ఉన్న పేర్లు ఎలా వచ్చాయి? 1924 నాటి ఎంటీఆర్, 1943 నాటి విద్యార్థి భవన్. ఎవరో తిన్నారు, బాగుందన్నారు, ఇంకొకరికి చెప్పారు, అది మీ చెవిన పడింది. అదీ రేటింగే కదా వదినా. పైగా ఇరవై ఏళ్ల నాటి రేటింగు. నాది పోయిన వారం తిన్నవాళ్లది. పాతదైనంత మాత్రాన మంచిదని ఎవరన్నారు? వంటవాడు మారితే ఆ నోటిమాటకి తెలుస్తుందా?

వదిన: తెలియదు.

మరిది: అంతేనా జవాబు?

వదిన: అంతే. అడిగింది న్యాయమైనది. అయితే పోయిన వారం వాళ్లది నువ్వు ఎలా చదువుతావో చెప్పు. చుక్కలు లెక్కపెట్టడమేనా?

మరిది: అలా అడగండి. ముందు వరస కొత్తవాటి నుంచి పాతవాటికి మారుస్తాను, మామూలుగా పైన కనిపించేవి ఏళ్ల నాటివి కావచ్చు. రెండోది, రివ్యూల లోపల వంటకం పేరు కొట్టి వెతుకుతాను. దోశకి పేరున్న చోట జనం కాఫీ గురించే రాస్తుంటే ఏదో తేడా వచ్చిందని అర్థం. మూడోది, ఒక చుక్క వాటినే ముందు చదువుతాను. పార్కింగు లేదు, సర్వరు విసుక్కున్నాడు, నిలబడి తినాల్సొచ్చింది, ఇవన్నీ వదిలేస్తా. పిండి పులిసింది, నూనె వాసన, తిన్నాక కడుపు చెడింది, ఇవి ఒకే నెలలో మూడు నాలుగు కనిపిస్తే ఆ పేరు కొట్టేస్తా. నాలుగోది, హోటలువాళ్లు పెట్టిన ఫొటోలు చూడను, తిన్నవాళ్లు వంకరటింకరగా తీసినవే చూస్తాను. అందులో పళ్లెం అంచు, చట్నీ చిక్కదనం, బల్ల శుభ్రం అన్నీ కనిపిస్తాయి. 4.9 ఉండి అరవై రివ్యూలే ఉంటే దాని జోలికే పోను. అయిదు చుక్కలేస్తే గులాబ్‌జామూన్ ఉచితమని బల్ల మీద అట్ట పెట్టే కాలమిది.

వదిన: బాగా చదువుతావు రా. మరి ఇంత చదివేవాడివి 4.2 అని గీత గీసి జాబితా ఎందుకు చేశావు? ఇప్పుడు చెప్పినదాంట్లో చుక్కలు వాడింది ఎక్కడ? ఒక చుక్క వాటిని చదవడానికి తప్ప.

మరిది: ...అది మొదటి జల్లెడ.

వదిన: ఆ జల్లెడలోంచి ఫుట్‌పాత్ మీద నిలబడి తినే చోట్లన్నీ జారిపోతాయి. మల్లేశ్వరం వీణా స్టోర్స్ చూడు, కుర్చీ లేదు, బల్ల లేదు, ఇడ్లీ పళ్లెం చేత్తో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడాలి. అలాంటి చోటికి కుర్చీ లేదని చుక్క తగ్గించేవాడు ఎక్కడైనా ఉంటాడు.

మరిది: అమ్మ మోకాళ్ల సంగతేమిటి మరి? మీ కాగితంలో సగం నిలబడి తినేవే. దర్శినులనే అక్కడి చిన్న టిఫిను హోటళ్లన్నీ అంతే. టోకెను తీసుకో, కౌంటరు దగ్గర పళ్లెం అందుకో, రొమ్ము ఎత్తు బల్ల దగ్గర నిలబడు. అమ్మ పది నిమిషాలు నిలబడలేదు. "కూర్చునే వీలుందా" అన్నది మీ నోటిమాట ఎప్పుడూ చెప్పదు, నా ఫోన్లో ఫొటో చూస్తే తెలుస్తుంది.

వదిన: అత్తయ్య సంగతి నేను ఆలోచించలేదనుకోకు. విద్యార్థి భవన్, ఎంటీఆర్ రెండూ కూర్చుని తినేవే. బ్రాహ్మిన్స్ దగ్గర ఆమెకి కార్లో పళ్లెం ఇచ్చేస్తాం.

మరిది: చట్నీ మళ్లీ మళ్లీ పోయించుకోడమే అక్కడి భోగం అంటారు. కార్లో కూర్చుంటే ఎవరు పోస్తారు?

వదిన: నువ్వు. గిన్నె పట్టుకుని పరుగెత్తుకొస్తావు.

మరిది: అన్నయ్య సంగతి కూడా చెప్పేస్తా, రెండో రోజుకల్లా అన్నం, పప్పు, గోంగూర అని మొదలెడతాడు. అందుకే ఆదివారం మధ్యాహ్నం రెసిడెన్సీ రోడ్ నాగార్జున పెట్టాను. 1984 నుంచి ఆంధ్రా భోజనం.

వదిన: బెంగళూరు దాకా పోయి ఆంధ్రా భోజనమా! కర్నూల్లో దొరకదా? ఉన్నవే ఏడెనిమిది పూటలు. అందులో ఒకటి మనింటి వంటకే ఖర్చు పెడతావా?

మరిది: ఇంటి వంట వేరు, హోటలు భోజనం వేరు వదినా. ఆకు వేసి పప్పు, పొడి, నెయ్యి వడ్డించే తీరు వేరు. అయినా బెంగళూరు హోటళ్ల సాంబారులో బెల్లం వేస్తారని అన్నయ్య మూడు పూటలూ మొహం ముడుచుకుంటే మీరు ఓదారుస్తారా?

వదిన: బెల్లం వాళ్ల పద్ధతి. దానికి చుక్క తగ్గించేది మనవాళ్లే. తెలుగువాడు "సాంబారు తియ్యగా ఉంది" అని రాసిన రివ్యూ చూస్తే ఆ హోటలువాడు తన పని తాను సరిగ్గా చేస్తున్నాడని లెక్క. ఆంధ్రా భోజనమే కావాలంటే హైదరాబాదే పోదాం, దగ్గర కూడా.

మరిది: అన్నయ్యని అడగండి.

వదిన: ఎందుకడగడం, ఏమంటారో నాకు తెలియదా! సరే, మిలిటరీ హోటలు కానీయ్. మాంసం వండే పాతకాలపు హోటళ్లని అక్కడ అలా అంటారు. అన్నం కావాలి, కారం కావాలి, మాంసం కావాలి, ఊరిది కావాలి. జయనగర్ శివాజీ మిలిటరీ హోటలుకి పోదాం. దొన్నె బిర్యానీ. పొడుగు బాస్మతి కాదు, చిట్టి జీరక సాంబ బియ్యం. కొత్తిమీర, పుదీనా దట్టంగా పడి పచ్చగా ఉంటుంది, ఆకు దొన్నెలో పెడతారు. మన హైదరాబాదు దమ్ బిర్యానీతో పోల్చి చూస్తే రెండూ చెడతాయి. మిలిటరీ హోటళ్లలో రాగి ముద్ద కూడా ఉంటుంది, మన సంగటే అనుకో. నమలకుండా పులుసులో ముంచి మింగేవాళ్లు మనింట్లోనే ఉన్నారు. కానీ వీటికి పన్నెండింటికే వెళ్లాలి. రెండింటికి వెళ్తే బోర్డు మీద పేర్లు మిగులుతాయి, గిన్నెల్లో ఏమీ మిగలదు.

మరిది: బోర్డంటే గుర్తొచ్చింది. "ఖాలీ దోసె" అని ఉంటే దోశలు అయిపోయాయని వెనక్కి వచ్చేస్తారేమో అన్నయ్య.

వదిన: (నవ్వి) కూర పెట్టని మెత్తని దోశ అది. చౌచౌ బాత్ అన్నా వంకాయ బాత్ లాంటిది కాదు, ఖారాబాత్, కేసరిబాత్ పక్కపక్కన పెట్టి ఇవ్వడం. ఇంకోటి నేర్చుకో, "బిసి ఏనిదె?" వేడిగా ఏముంది అని. కౌంటరు దగ్గర డబ్బులిచ్చే ముందు ఇది అడిగితే చాలు, ఇప్పుడే దిగిన వాయి ఏదో వాళ్లే చెప్తారు. ఆటో డ్రైవరుని "మంచి హోటలు ఏది" అని అడిగితే ఊరంతటికీ తెలిసిన పేరే చెప్తాడు. "ఈ వేళకి మీరు ఎక్కడ తింటారు" అని అడుగు.

మరిది: ఇందిరానగర్, కోరమంగళ వైపు రాత్రి భోజనానికి కూడా ఆటో డ్రైవరునే అడుగుదామా? ఆరు నెలల కింద తీసిన చోట్లు, బల్ల ముందుగా చెప్పుకోవాలి, మనిషికి ఎంతవుతుందో మెనూ చూస్తే గానీ తెలియదు. అక్కడ మీ వాయి లెక్క పనిచేయదు, ఎవరు ఆర్డరిస్తే వాళ్లకి అప్పుడు వండుతారు.

వదిన: అది నీకే వదిలేస్తున్నా. శనివారం రాత్రి నీది. శుక్రవారం సాయంత్రం మాత్రం వీవీ పురం తిండి బీది. నడుస్తూ తలా ఒకటి కొని నలుగురం పంచుకుంటే పది రకాలు చూడొచ్చు. నేషనల్ కాలేజ్ మెట్రో నుంచి దగ్గర.

మరిది: అమ్మకి అక్కడా కుర్చీ లేదు... సరే, మీ కాగితం ఒకసారి ఇవ్వండి. శనివారం విద్యార్థి భవన్, అక్కణ్నుంచి దగ్గర్లోనే బ్రాహ్మిన్స్ కాఫీ, బాగుంది. మధ్యాహ్నం శివాజీ. ఆదివారం... వదినా, "రెండింటికి మల్లేశ్వరం సీటీఆర్, బెణ్ణె మసాలా దోశ" అని రాశారు.

వదిన: అవును, వెన్న దోశ. శ్రీసాగర్ అని బోర్డుంటుంది.

మరిది: బోర్డుంటుంది, తలుపు తీసి ఉండదు. మధ్యాహ్నం మూసేస్తారు. ఇదిగో, ఫోన్లో చూడండి.

వదిన: (ఫోను తీసుకుని చూసి, పెన్ను అడిగి) పొద్దున్నే పోదాం. వీణా స్టోర్స్ ఇడ్లీ, సీటీఆర్ దోశ రెండూ ఒకే పూట.

మరిది: అప్పుడు మధ్యాహ్నం ఖాళీ అయింది. రెసిడెన్సీ రోడ్...

వదిన: పన్నెండింటికి వెళ్తేనే. ఒంటిగంటకి అక్కడ వరస నిలబడి ఉంటుంది, అత్తయ్య నిలబడలేదు. మీ అన్నయ్యతో మాత్రం నేను ఒప్పుకున్నానని చెప్పకు.

మరిది: సోమవారం?

వదిన: హెబ్బాళ వైపు వెళ్తూ ఎనిమిదిలోపు జనం కమ్ముకున్న దర్శిని ఏది కనిపిస్తే అక్కడ ఆపు. పేరు కూడా చూడొద్దు.

మరిది: చూడను. కానీ 3.9 ఉంటే నేను కారు దిగను వదినా. కనీసం 4 ఉండాలి.