హువా హిన్ ట్రిప్ ప్లానింగ్ షీట్‌కి ఒక బహిరంగ లేఖ

"హువా హిన్ ఫైనల్ ఫైనల్ 7" అనబడే షీటు గారికి,

నిన్ను నువ్వు అనాలో మీరు అనాలో తేలట్లేదు, మొన్న శని ఆదివారాలు మా ఇంటి పెద్దరికం అంతా నీదే కదా. సరే, నింపింది మేమే కాబట్టి నువ్వనే అంటాను.

బ్యాంకాక్ నుంచి హువా హిన్ అనే ఆ బీచ్ ఊరు ఎంతని, మహా అయితే 200 కిలోమీటర్లు, మన లెక్కలో హైదరాబాద్‌లో బయల్దేరి కోదాడ దాటి ఇంకాస్త పోయినంత. దానికి ఇక్కడ బ్యాంకాక్‌లో ఉండే నేను, మా ఆవిడ, హైదరాబాద్ నుంచి దిగిన మా బావమరిది కలిసి 11 రోజులు కూర్చున్నాం. ట్రిప్ రెండు రోజులు. మా పెళ్ళికి కూడా ఇంత తర్జనభర్జన జరగలేదు, అప్పుడు పంతులుగారు ఒక్కరే ఉన్నారు, నీకు నాలుగు ట్యాబులు.

మొదటి రోజే నీ వరస అర్థమవ్వాల్సింది. మా ఆఫీసులో థాయ్ అమ్మాయి సెలవుల లిస్టు పంపితే మా వాడు తేదీ యథాతథంగా తీసి నీలో పడేశాడు, వీళ్ళది బుద్ధ శకం, మన లెక్క కంటే 543 ఏళ్ళు ముందు, అంటే 2025ని 2568 అంటారు, నువ్వు మాత్రం తొణక్కుండా "ట్రిప్‌కి ఇంకా లక్షా తొంభై ఎనిమిది వేల చిల్లర రోజులుంది" అని చూపించావు. "బావా, అప్పటికి రూమ్ రేట్లు పెరుగుతాయేమో" అన్నాడు వాడు. నవ్వుకున్నాం. ఇప్పుడాలోచిస్తే నువ్వు చెప్పిన వాటిలో నిజానికి కాస్త దగ్గరగా ఉన్నది అదొక్కటే.

బ్యాంకాక్ నుంచి దక్షిణానికి పోయే రామా 2 రోడ్డు మీద పనులు తరతరాలుగా అవుతూనే ఉంటాయని ఇక్కడి వాళ్ళే దానికి ఏడు తరాల రోడ్డని పేరు పెట్టుకున్నారు, అందుకని వ్యాన్ వద్దనుకుని ట్రైన్ అన్నాం, అంతవరకు బాగుంది. కానీ స్టేషన్ అనే గడిలో హువా లాంఫోంగ్ అని బ్యాంకాక్ పాత పెద్ద స్టేషన్ పెట్టుకుని కూర్చున్నావ్. దక్షిణం వైపు ఎక్స్‌ప్రెస్‌లన్నీ 2023 జనవరిలోనే బాంగ్ సూలో ఉన్న కొత్త టెర్మినల్‌కి వెళ్ళిపోయాయి, ఆ సంగతి మాకు తెల్లారగట్ల బ్యాగులతో దిగాక టికెట్ కౌంటర్‌లో ఆవిడ జాలిగా చూస్తూ చెప్తే తెలిసింది. అదృష్టం కొద్దీ ఆర్డినరీ బండి ఒకటి ఇంకా అక్కడి నుంచే పోతుంది, ఫ్యాన్లు, తెరిచిన కిటికీలు, నాలుగు గంటల పైన ప్రయాణం, మధ్యలో ఎక్కి దిగే తినుబండారాల వాళ్ళు. నిజం చెప్పాలంటే ట్రిప్ మొత్తంలో బాగున్నది అదే, నీలో దానికి గడే లేదు.

హువా హిన్‌లో కొత్త స్టేషన్ పైన ఎత్తులో ఉంది, పాత చెక్క స్టేషనేమో ఎరుపు, మీగడ రంగుల్లో బొమ్మరిల్లులా కింద ఉండిపోయింది, పక్కనే రాజుగారి వెయిటింగ్ రూము. నువ్వు "ఫోటో - 9 నిమిషాలు" అని రాశావ్. తొమ్మిదేంటి? పది అయితే ఏం పోయేది?

ఇక నీ అసలు ఘనకార్యానికొద్దాం. శనివారం సాయంత్రం 6:10, బీచ్‌లో సన్‌సెట్, పసుపు రంగు కొట్టి మరీ. ముగ్గురం ఇసకలో బుద్ధిగా సముద్రం వైపు తిరిగి కూర్చున్నాం. పక్కన గుర్రాల మీద పిల్లల్ని తిప్పేవాళ్ళు రెండుసార్లు అటూ ఇటూ వెళ్ళొచ్చారు. సముద్రం మెల్లగా నల్లబడుతుంది, సూర్యుడు మాత్రం పత్తా లేడు. చివరికి మా ఆవిడే వెనక్కి తిరిగి చూసింది, ఆయన హోటళ్ళ వెనకాల కొండల్లో ఎప్పుడో దిగిపోయాడు. ఇది తూర్పు ఒడ్డు తల్లీ, మన వైజాగ్ లాగే! విజయనగరం అల్లుణ్ణి, నేనైనా చూసుకోవాల్సింది, కానీ నీ మీద నమ్మకం అలాంటిది.

సూర్యుడితో నీకేం పేచీయో, ఆదివారం మూడింటికి ప్రయా నఖోన్ గుహ పెట్టావ్. ఆ గుహ పైకప్పు కూలిన చోట నుంచి వెలుగు పడి లోపలి మండపం మెరిసేది పొద్దున పదిన్నర ప్రాంతంలో. మూడింటికి వెళ్ళి ఏం చూడాలి, సెల్‌ఫోన్ టార్చ్ వేసుకుని? మానేశాం.

రాత్రి నైట్ మార్కెట్‌లో "సీఫుడ్ - ముగ్గురు" అట. మా ఆవిడకి శనివారం వెంకన్న వారం, ఆ సంగతి మా వీధి చివర కూరగాయలామెకి కూడా తెలుసు. ఇక్కడ "జే", అంటే శుద్ధ శాకాహారం, అని అడిగితే వెల్లుల్లి కూడా లేకుండా మన కార్తీకమాసం వంటలా వండి ఇస్తారు, కానీ ఆ బోర్డున్న కొట్టు వెతకాలి కదా, లేకపోతే కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది. నీ ప్రకారం దానికి టైం లేదు. పాపం మామిడిపండు, స్టిక్కీ రైస్ తిని, తమ్ముడు స్క్విడ్ పీక్కు తింటుంటే నా వైపు చూసిన చూపు నీ ఏ ట్యాబులోనూ పట్టదు.

ఆదివారం ఖావ్ టాకియాబ్ కొండ మీద మా వాడు నీ ప్రింటౌట్ తీసి "బావా, ఇక్కడ మనం 14 నిమిషాలు లేటు" అంటుండగానే కోతి వచ్చి లాక్కుపోయింది. మెట్ల మీద కూర్చుని ఒక మూల కొరికింది, వాసన చూసింది, పడేసి పక్కవాళ్ళ అరటిపండు మీదకి పోయింది.

ఆ ఊళ్ళో థాయ్‌లాండ్ ఏడో రామ రాజు కట్టించుకున్న ప్యాలెస్ ఉంది, క్లాయ్ కాంగ్వోన్, అంటే బెంగలకి దూరం అని అర్థం. పేరు అదేగానీ, 1932 జూన్ 24న బ్యాంకాక్‌లో రాచరిక నిరంకుశాధికారం పోయిందన్న కబురు ఆయనకి అక్కడే గోల్ఫ్ ఆడుతుండగా వచ్చింది. వేసుకున్న ప్లాను మధ్యలో అలా తలకిందులైతే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఇట్లు,
నీ బి కాలమ్‌లో "పెద్దలు - 1" గా ఉన్నవాణ్ణి

తా.క.: ఖర్చుల ట్యాబులో నువ్వు ఎర్రగా చూపిస్తున్న 120 బాట్లు కొబ్బరి బొండాలవి. బావమరిది పంపానంటున్నాడు. నాకైతే రాలేదు.